ఆఖరి అధ్యాయం లేని కాపీ

"మీ నవల్లో నాకు బాగా నచ్చింది ముగింపేనండీ," అన్నాడు కళ్ళద్దాల షాపతను, మైకు రెండు చేతులతో పట్టుకుని. "తలుపు తట్టబోయిన ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోతుంది చూడండి, సరిగ్గా అక్కడ ఆపేశారు. ఎంత ధైర్యం కావాలి!"

లైబ్రరీ హాలు గొల్లుమంది.

రచయిత్రి మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి అతన్ని వింతగా చూసింది. "నేనక్కడ ఆపలేదండీ. ఇంకో అధ్యాయం ఉంది."

అతను కంగారుగా పుస్తకం తిరగేశాడు. ఆ పేజీ తర్వాత ఉన్నది వెనక అట్టే. బైండింగులో చివరి పేజీల కట్ట పడనేలేదు.

నెలనెలా ఒక రచయితను పిలిచి పాఠకుల మధ్య కూర్చోబెట్టే ఈ సభ అతని ప్రాణం. మొదటి ప్రశ్న అడిగేవాళ్ళు పుస్తకం మొత్తం చదివి తీరాలని నియమం పెట్టిందీ అతనే! ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కనున్న పెద్దాయన నవ్వుతూనే తన నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు. ఆ క్షణాన అంతకన్నా పెద్ద సాయం లేదు.

ఆమెను పిలిచినప్పుడు ఫోన్లోనే చెప్పేసింది, ఇక సభలకు రానని, ఇదే చివరిదని. "అందరూ ఫొటో అడుగుతారు. కథ గురించి ఎవరూ అడగరు." ఆ అభిప్రాయం మార్చాలనుకున్నాడు పాపం. బాగానే మార్చాడు!

సభ అయ్యేసరికి వాన పట్టుకుంది. అతను కుర్చీలు సర్దుతూ ఆమె కంట పడకుండా తిరుగుతున్నాడు. ఆమే వచ్చింది.

"వేరే కాపీ దొరకలేదా?"

"ఇప్పుడే మా అక్క తనది ఇచ్చింది. తెరవలేదు."

"అదేం?"

"తెలిసిపోతే మిమ్మల్ని అడగడానికి ఏం మిగులుతుందండీ?"

ఆమె పెదవి చివర నవ్వు తొంగిచూసింది. "సరే, మీ లెక్కలో తర్వాత ఏమవుతుంది?"

"లోపలున్నవాడు ఆమె అడుగుల చప్పుడు ఎప్పుడో విన్నాడు. కంగార్లో చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. గుండీలతో కుస్తీ పడుతున్నాడు. అందుకే తలుపు తీయడం ఆలస్యం."

ఆమె పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నా పుస్తకంలో ఆమె తట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది," అంది.

"ఎందుకని?"

"లోపల అంత కంగారుపడేవాడు ఒకడు ఉండొచ్చని నాకు తోచలేదు." మళ్ళీ తనే అడిగింది, "మీరైతే తలుపు తీసేవారా?"

"నేనైతే ఆ తలుపు వేసేవాణ్ణే కాదండీ."

అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. ఎత్తిన కుర్చీ చేతిలోనే ఉండిపోయింది.

"ఒరేయ్!" లైబ్రరీలో పనిచేసే వాళ్ళక్క స్విచ్ బోర్డు దగ్గర్నుంచి కేకేసింది. "లైట్లు ఆర్పాలి. ఆవిణ్ణి బస్సెక్కిస్తావా, ఇక్కడే ఇంకో సభ పెడతావా?"

అతను గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, మీ బస్సు వెళ్ళిపోయిందండీ! నేనే గుర్తుచేయాల్సింది."

"నాకు గుర్తుంది," అందామె, అతని చేతిలోని కుర్చీ అందుకుంటూ. "వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను."

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పొద్దున ఇంకో బస్సుందిలే. మా ఇంటికి రామ్మా. వీడు ఎటూ నిద్రపోడు గానీ, మనం పడుకుందాం."

మెట్లు దిగుతూ ఆమె అడిగింది, "వచ్చే నెల ఎవర్ని పిలిచారు?"

"ఇంకా ఎవర్నీ పిలవలేదండీ."

"ఎవరైనా సరే. మీ పక్కన కుర్చీ మాత్రం నాకుంచండి."