ఆకు ఈనెల్లో ఒక పేరు

ఏర్పేడు దాటాక పొలాల మధ్య ఆగిపోయిన తెల్ల కారులో ఏజెంట్ పరాశర్ స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. ఇంజిన్ ఇంకా నడుస్తూనే ఉంది. మెడ వెనక చిన్న సూది గుర్తు. విషం.

ఆ సాయంత్రం తిరుపతిలో, ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక దాగిన ఆఫీసులో చీఫ్ హరినాథ్ ఎదుట నారాయణి కూర్చుంది. కోడ్‌నేమ్ ఫాల్కన్. పరాశర్‌కు సొంత అక్క. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"ఎవరు సర్?"

"నందిని. మన డబుల్ ఏజెంట్ అనుకుంటిమి. ఆమె శత్రువుల మనిషే. నీ తమ్ముడు నమ్మి కారెక్కించుకున్నాడు."

హరినాథ్ స్క్రీన్ మీద ఒక ఫోటో చూపించాడు. తీగలూ ఆకులూ కుట్టిన బొంత.

"సత్యవేడు రోడ్డులో బొంతల ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీ ఉండాది. ఆమె ఆడ డిజైన్ హెడ్. ఈమెయిళ్లు, పెన్‌డ్రైవ్‌లు మన నిఘాలో ఉండాయి గదా, అందుకని మన తీర రాడార్ ఫ్రీక్వెన్సీలను దుప్పటి మీద కుట్టి దేశం దాటిస్తుంది. పరాశర్ ఆఖరుగా పంపిన ఫోటో ఇది. ఆకులో ఎన్ని ఈనెలో అదే అంకె. రెండంకెలు కలిస్తే ఒక అక్షరం. మనవాళ్లు కోడ్ విప్పినారు. అసలు శాంపిల్ కోసం విక్టర్ అనే విదేశీ బయ్యర్ వచ్చే నెల స్వయంగా వస్తాడు."

"నా పని?"

"డిజైనర్‌గా లోపలికి పో. నందిని నాకు ప్రాణాలతో కావాల. రాడార్ వివరాలు అమ్మిన ఇంటి దొంగ ఎవడో ఆమెకొక్కదానికే తెలుసు."

"సరే సర్," అంది నారాయణి. అబద్ధం చెప్పడం ఆమె ట్రైనింగ్‌లో మొదటి పాఠం.

నేత చీర, మందపాటి కళ్లద్దాలు, 'గోదా' అనే పేరు. కళ్లద్దాల ఫ్రేములో కెమెరా. ఇంటర్వ్యూ చేసింది నందినే. వక్కరంగు పట్టుచీర, వజ్రపు ముక్కుపుడక, గది నిండా సెంటు వాసన. ఆ పొడవాటి వేళ్లను చూస్తూ, సూది పట్టింది వీటిలో ఏది అని నారాయణి మనసులో వెతుక్కుంది.

"లాంగార్మ్ కుట్టు మెషిన్‌కి ప్యాటర్న్ గీయడంలో కష్టమేమి?"

"గీత తెగకూడదు మేడమ్. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఒకే దారం నడవాల. వెనక్కి రావలసి వస్తే పాత కుట్టు మీదే రావాల. వెంట్రుకంత తప్పినా కనపడిపోతాది."

నందిని నవ్వింది. "రేపటి నుంచి రా."

షెడ్డులో ఆ మెషిన్ మంచమంత ఫ్రేము మీద పట్టాలెక్కి కూర్చుంది. పై గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగు గుడ్డ, మూడూ రోలర్లకు బిగించి ఉంటాయి. కంప్యూటర్ గీత చూపితే పొడవాటి చేయిలాంటి ఆ తల పట్టాల మీద పరుగెత్తి కుట్టేస్తుంది. దాని ఆపరేటర్ అక్కమ్మ.

విక్టర్ వచ్చే ముందురోజు నందిని అసలు ఫైల్ ఇచ్చింది. ఆకు ఒక్కటి పెరిగినా ఆమె కనిపెట్టేస్తుంది. నారాయణి ఆకుల అంచులు ముట్టుకోలేదు. లోపలి ఈనెలు మాత్రం ఒక్కొక్కటే చెరిపి కొత్తవి గీసింది. పగకు ఇంత ఓపిక ఉంటుందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

మర్నాడు విక్టర్ వచ్చేసరికి బొంత సగానికి పైగా తయారైంది. వాడు ఫ్రేము మీదికి వంగి ఫోన్‌తో ఆకులను స్కాన్ చేశాడు. స్క్రీన్ మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలిగాయి.

'ఇది నకిలీ. అసలుది వేరేవాళ్లకు అమ్మాను. నందిని.'

వాడి చేతిలోకి పిస్టల్ వచ్చింది. "యూ చీట్!"

"నో! నేను కాదు!" నందిని వెనక్కి వెళ్లి గోడకు తగిలింది. కాటుక చెంపల మీదికి కారింది.

ఈ దృశ్యం కోసమే నారాయణి నెలంతా బతికింది. ఊరుకుంటే చాలు. వాడే కాల్చేస్తాడు. తన చేతికి మట్టి అంటదు. కానీ చూస్తుంటే ఆమె కడుపు నిండలేదు. తమ్ముడిని చంపినదానికి ఒక్క తూటాతో విముక్తా?

ట్రిగ్గర్ మీద విక్టర్ వేలు బిగిసింది.

నారాయణి స్టార్ట్ బటన్ నొక్కింది. మెషిన్ తల పట్టాల మీద దూసుకొచ్చి ఫ్రేము పక్కనే ఉన్న వాడి మోచేతిని కొట్టింది. తూటా దూది బేళ్లలోకి పోయింది. హరినాథ్ ముందే లోడింగ్ కూలీల వేషంలో పంపిన కమాండోలు వాడిని నేలకేసి అదిమారు.

నందిని ఆమె కాళ్ల దగ్గర కూలిపోయింది. "నువ్వు... నన్నెందుకు కాపాడినావు? ఎవరు నువ్వు?"

నారాయణి కళ్లద్దాలు తీసింది. "పరాశర్ అక్కని. నువ్వు బతకాల. ఆ దొంగ పేరు చెప్పాల. నా తమ్ముడిని ఎట్ల చంపినావో కోర్టులో మా నాయన ముందర నిలబడి చెప్పాల. ఆ పైన జైల్లో ముసలిదానివి కావాల."

నందిని వ్యాన్ ఎక్కకముందే దొంగ పేరు చెప్పేసింది.

బేళ్ల చాటు నుంచి అక్కమ్మ మెల్లగా బయటికొచ్చింది. బేడీలు పడ్డ విక్టర్‌ను, సగం కుట్టిన బొంతనూ మార్చి మార్చి చూసింది.

"మేడమ్, ఈయప్ప ఆర్డరు దుప్పట్లు ఇంకా గుట్టగా ఉండాయే! ఇంక ఎవురు కొంటారు?"

"జైలుకు పంపు అక్కమ్మా," అంది నారాయణి. "చలికాలం వస్తాండాది. మన బయ్యర్లంతా ఆడనే ఉంటారు."