సింగిల్ క్లిక్

"నా ఐకాన్లు ఎవరు తీసేశారండీ?" అంది సింధూరి.

కిరీటి ప్రూఫు కాగితంలోంచి తలెత్తలేదు. "నేనే. స్క్రీన్ నిండా ఆ బొమ్మలేంటి, బీసెంట్ రోడ్డు పేవ్‌మెంట్ మీద బజారు లాగా? స్టార్ట్ మెనూలో అన్నీ ఉన్నాయిగా."

"మెనూలో మెనూ, దాన్లో ఇంకో మెనూ. నాకు కళ్లెదురుగా కనబడాలి. టకటకా రెండు నొక్కులు, తెరుచుకోవాలి."

"ఒక్క నొక్కుకే తెరుచుకునేలా పెట్టుకోవచ్చు, తెలుసా?"

"నా చెయ్యి, నా అలవాటు. మీకేంటండీ నొప్పి?"

గవర్నర్‌పేటలో రామకోటేశ్వరరావు గారి డీటీపీ సెంటర్. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. పగలు సింధూరి, సాయంత్రం కిరీటి. అతను వెళ్తూ డెస్క్‌టాప్ ఖాళీ చేసేవాడు. ఆమె వస్తూనే మళ్లీ నింపేది. ఆ తగువు కోసమే అతను మధ్యాహ్నానికల్లా రావడం మొదలెట్టాడు. కొన్నాళ్లకి, వెళ్లేముందు ఆమె ఐకాన్లని ఎక్కడివక్కడ సర్ది మరీ వెళ్లేవాడు.

ఒక వాన సాయంత్రం, సెంటర్ అరుగు మీద, చూరు నీళ్లకి వెనక్కి జరుగుతూ అడిగాడు.

"మా అమ్మని మీ ఇంటికి తీసుకురానా?"

"మా కంకిపాడు బస్సు మీ పటమట మీదుగానే వస్తుంది. ఎవరాపారు?" అంది చున్నీ నెత్తిన కప్పుకుని, వానలోకి దిగిపోతూ.

ఆ శనివారం, ఆమె భోజనానికి లేచినప్పుడు, కిరీటి సెట్టింగ్ మార్చాడు. అన్నీ సింగిల్ క్లిక్‌కే తెరుచుకుంటాయి. చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాడు.

సింధూరి వచ్చి కూర్చుంది. పొద్దుటినుంచీ టైపు చేస్తున్న చర్చి పాటల పుస్తకం తెర మీదే ఉంది, సేవ్ చెయ్యలేదు. అట్టకి ఫొటో కావాలి. ఫొటో సాఫ్ట్‌వేర్ మీద అలవాటుగా టకటకా రెండుసార్లు నొక్కింది. అది రెండుసార్లూ తెరుచుకోబోయింది. మెమరీ చాల్లేదు. మౌస్ కదల్లేదు. స్విచ్ ఆపితే తప్ప దారి లేకపోయింది. పాటలన్నీ పోయాయి.

చర్చిలో ప్రార్థన కూటాలు ఆ సాయంత్రమే. పుస్తకం కోసం కూర్చున్న ఇశ్రాయేలు గారు కాగితాలు సంకలో పెట్టుకుని ఎదుటి డీటీపీ షాపుకి వెళ్లిపోయారు.

"ఆడపిల్లని మెషీన్ మీద కూర్చోబెట్టడం నాదే బుద్ధితక్కువ," అన్నారు రామకోటేశ్వరరావు గారు, అరుగు మీదివాళ్లకి కూడా వినిపించేలా. "కుదురుగా ఒక్క నొక్కు నొక్కలేవా అమ్మాయ్?"

పక్కనే కిరీటి. పటమటలో పెట్టబోయే బ్రాంచి తనకే ఇస్తానని ఆయన ఆ వారమే మాటిచ్చారు. ప్రూఫు కాగితం అందుకుని తల వంచాడు.

ఆయన అటు వెళ్లగానే గొణిగాడు. "సెట్టింగ్ నేనే మార్చానండీ. సార్ చల్లబడ్డాక చెప్తాను."

సింధూరి మళ్లీ సిస్టం ఆన్ చేసింది. "చెప్పండి," అంది.

అతను చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

పెళ్లిచూపులకి పెద్దమనిషిగా రామకోటేశ్వరరావు గారే వచ్చారు. కంకిపాడులో సింధూరి వాళ్ల వసారా నిండా జనం. కిరీటి తల్లి మాణిక్యమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అమ్మాయి బంగారమండీ," అన్నారాయన కాఫీ తాగుతూ. "మొన్నోసారి కంగారులో చర్చి పుస్తకం పార్టీని పోగొట్టింది. మావాడు నెమ్మదస్తుడు, సర్దుకుంటాడు."

అందరూ నవ్వారు. కిరీటి కూడా నవ్వాడు.

"కిరీటి గారూ," అంది సింధూరి. "ఆ రోజు ఏం జరిగిందో మీరు చెప్పండి."

కిరీటి చేతిలోని ప్లేటు కేసి చూస్తూ అన్నాడు. "ఇప్పుడెందుకండీ అదంతా."

సింధూరి తండ్రి వైపు తిరిగింది. "నాకీ సంబంధం ఇష్టం లేదు నాన్నా."

మాణిక్యమ్మ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని లోపలికి వెళ్లింది.

సోమవారం ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. కిరీటి ఓనరు బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, ఆ రోజు తప్పు సింధూరిది కాదు. సెట్టింగ్ మార్చింది నేను. బ్రాంచి పోతుందని చెప్పలేదు."

రామకోటేశ్వరరావు గారు పేపర్లోంచి తలెత్తలేదు.

"ఓస్, అంతేనా? దానికి బ్రాంచి ఎందుకు పోతుందిరా. అప్పుడే చెప్తే సరిపోయేదిగా. వెళ్లి సిస్టం ఆన్ చెయ్, పార్టీ వచ్చే టైమైంది."