చిన్మయి ఎడమచేయి

చిన్మయి ఎడమచేత్తో పిడికెడు ఉగ్గాని తీసుకోగానే నానమ్మ సిద్దమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. నాలుగేళ్ల పిల్ల ఏడవలేదు. కుడిచేత్తో బొరుగులు రాల్చుకుంటూ తినసాగింది.

"కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల అత్తా?" అంది హేమలత.

"కొట్టకుంటే పోతాదా అలవాటు? బువ్వ ఏ చేత్తో తినల్లో తెలీదు, దీనికి కదిరిలో కాన్వెంటు."

బోరు మోటార్లు బాగుచేసే ఓబిలేష్, తల్లికీ పెళ్లానికీ నడుమ ఎందుకని, స్పానర్లు తీసుకుని బయటపడ్డాడు. పిల్లను కాన్వెంటులో చేర్చడానికి హేమలత కదిరికి బయల్దేరితే, పిలవకపోయినా సిద్దమ్మ కూడా బస్సెక్కింది. "అద్దాల తలుపు చూపిస్తే చాలు, నువ్వు మోసపోతావు" అంది కోడలితో. బడిలో గడిచే ఆ కాసేపైనా పిల్లకు దెబ్బలు తప్పుతాయన్నది హేమలత ఆశ.

కాన్వెంటు ముందు ప్లాస్టిక్ పచ్చిక పరిచి ఉంది. "మేక కూడా మూతి పెట్టదు" అంది సిద్దమ్మ. వాళ్లది తనకల్లు పక్క పల్లె అని వినగానే లోపలున్న మేడమ్ కుర్చీలు కూడా చూపించలేదు. పిల్లకు మాత్రం ఒక రంగు పెన్సిలిచ్చింది. చిన్మయి దాన్ని ఎడమచేత్తో అందుకుంది. మేడమ్ లాగేసుకుంది.

"పల్లెల నుంచి వచ్చేవాళ్లతో ఇదే తలనొప్పి. ఆ చేతికి రిబ్బన్ కట్టేస్తే నెలలో మానేస్తుంది లెండి."

ఇంతలో చిన్మయి ఎడమచేయి ముందుకు చాచి, కళ్లు గట్టిగా మూసుకుంది. దెబ్బ కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడింది.

మేడమ్ నవ్వింది. "చూశారా, తప్పని పాపకే తెలుసు."

"నగేదానికి ఏముండాదమ్మా ఈడ?" సిద్దమ్మ ముందుకొచ్చింది. "అది నేను నేర్పిచ్చిన బుద్ధి." పిల్లను చంకనేసుకుని బయటికి నడిచింది.

వీధిలో ఒక అంగడి మెట్టు మీద కూలబడింది. "ఆయమ్మ చెయ్యెత్తనేలేదు మే. పాప ముందే కండ్లు మూసుకునె."

"ఇప్పుడు కనపడెనా?" హేమలత మాటలో జాలి లేదు. "దినామూ అట్లనే మూసుకుంటాది. నువ్వు దాని చెయ్యి చూసినావు గానీ, మొగం యాడ చూసినావు?"

ఏడాదిగా దాచుకున్న మాట అది. అత్త ఎదురు తిరుగుతుందనుకుంది. సిద్దమ్మ కొంగు కళ్లకద్దుకుంది. "తప్పు నాదే మే" అని, పిల్ల చేయి పట్టుకోబోయింది. చిన్మయి వెనక్కి లాక్కుంది. సిద్దమ్మ బలవంతం చేయలేదు.

రెండు వీధుల అవతల, అద్దె ఇంట్లో నడిచే చిన్న బడి ఒకటి కనపడితే లోపలికెళ్లారు. చాప మీద పిల్లల నడుమ కూర్చున్న సునంద టీచర్ లేచి ఎదురొచ్చింది. హేమలత నోరు తెరవకముందే సిద్దమ్మ అడిగింది:

"మా పాపది ఎడమచేతి వాటం. కొడతారా?"

"కొట్టమమ్మా. ఏ చేత్తో రాస్తే ఏం? ఇంట్లో కొడతారా?"

సిద్దమ్మ కోడలి వైపు చూసింది. హేమలత ఆ జవాబు అత్తకే వదిలేసింది.

"కొడతాంటిని. ఇంక కొట్టను."

హేమలత గోడవారనున్న కుర్చీ లాగి అత్తకు వేసింది.