ముదగల్ నుంచి రోజుకో కాగితం

"నోట్సు మొత్తం ఒక్కసారే పంపించొచ్చు కదండీ? రోజుకో కాగితం చింపి పంపడమేంటి?"

ఫోన్లో అవతల ఈరేశ్ గొంతు సవరించుకున్నాడు. "బస్సుల పోతే ఏంజేస్తవ్? గిట్లయితే పోయినా ఒక్కటే పోతది."

"పోనీ ఫోటో తీసి పెట్టండి."

"నా ఫోన్ల కెమెరా మసక మసక వస్తది."

రమ్యశ్రీకి ఒళ్ళు మండింది. ఈరేశ్‌తో పెళ్ళయి నలభై రోజులు. బీఏ ఆఖరి పరీక్షలకని రాయచూరు హాస్టల్‌కు వస్తూ, ఇంగ్లిష్ నోట్సు ముదగల్‌లో అత్తవారింట్లో మరిచిపోయింది. ఆఖరి పేపరుకు వారం గ్యాప్ రావడంతో గదిలో అమ్మాయిలంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు. తననీ ఈరేశ్ రమ్మంటాడేమోనని చూసింది. అనలేదు. నాలుగు మంచాల గదిలో ఒక్కతే మిగిలింది. తోడుగా చప్పుడు చేసేది ఫ్యానొక్కటే, అదీ కరెంటున్నప్పుడే.

ముదగల్‌లో అతనికి మోటార్లు బాగుచేసే దుకాణం. బస్సులో అతను పంపే ప్రతి కాగితం అంచునా ఒక గ్రీజు వేలిముద్ర ఉండేది. చదవడం ఆపి దానిమీద తన వేలు ఆనించి చూసుకునేది. ఎవరూ చూడటం లేదు కాబట్టి సిగ్గుపడే పని లేదు.

సాయంత్రం ఏడింటికి, మర్నాడు పంపబోయే కాగితం ముందుపెట్టుకుని అతను ప్రశ్నలడిగేవాడు.

"మెటఫర్ అంటే ఏంది?"

"పోలికని చెప్పకుండా, ఇదే అది అనేయడం."

"సిమిలీ?"

"లాగా అని చెప్పడం. మా ఆయన మాటలు ఎండాకాలం నల్లాలో నీళ్ళలాగా వస్తాయి."

అతను నవ్వాడు. ఆ నవ్వు విని ధైర్యం చేసింది.

"పరీక్షవగానే మా ఊరు గోరేబాళ వచ్చేయమంటోంది అమ్మ. నెల రోజులుండమంటోంది. ఏం చెయ్యమంటారు?"

అవతల కాగితం మడతపెడుతున్న చప్పుడైంది.

"నీ ఇష్టం," అన్నాడు.

అంతే. ఆ రెండు మాటలతో గది ఇంకా పెద్దదైపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ముదగల్ బస్సు దగ్గర కండక్టర్ అమరప్ప నాలుగో కాగితం ఇచ్చాడు. అక్కడే నిలబడి చదివింది. క్లెయిమ్ అంటే మనం నిలబడి చెప్పే మాట. ఎవిడెన్స్ అంటే ఆ మాటకు ఆధారం. ఉండమని గానీ వెళ్ళమని గానీ ఒక్క మాట చెప్పలేని మనిషి, తనకి క్లెయిమ్ నేర్పిస్తున్నాడు!

"రేపట్నుంచి తేవద్దు, అన్నా. నేనే ఎలాగో చదువుకుంటానని చెప్పండి."

అమరప్ప టికెట్ మిషన్ చంకలో పెట్టుకున్నాడు. "అట్లనకు తల్లీ. మీ యజమానరు ఈరేశ్ దినాం బస్సు కదలకముందే వచ్చి నిలబడ్తడు. నేను వాపసు పోయే యాళకు దుకాణం మూసి మళ్ళొస్తడు. 'కాగితమిస్తే నవ్విందా? చిక్కిపోయిందా? తిన్నట్టు కనిపించిందా?' ఒకటే ప్రశ్నలు. బుక్కంత ఒక్కసారి ఇయ్యరాదా స్వామీ అంటే, 'ఇచ్చేస్తే రేపు నిన్నేమని అడగాలె?' అన్నడు."

రమ్యశ్రీ కాగితం వంక చూసింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ఈసారి గ్రీజు వల్ల కాదు.

ఏడింటిదాకా ఆగలేక అక్కణ్ణుంచే ఫోన్ చేసింది.

"మీమీద ఎవిడెన్స్ దొరికిందండీ. అమరప్పన్న అంతా చెప్పేశాడు. క్లెయిమ్ మాత్రం మీ నోటితోనే వినాలి."

అవతల తిరుగుతున్న మోటారు ఆగింది.

"అమ్మగారింటికి పోతానంటే వద్దనొద్దని..." అని నసిగాడు.

"అది క్లెయిమ్ కాదు."

"నెల వద్దు, రమ్యా. నాల్గు దినాలుండి రా. ఇంట్ల నాకు పొద్దు పోతలేదు."

"అమ్మ బెంగ పెట్టుకుందండీ."

"నేను గూడ."

చుట్టూ బస్సుల హారన్లు, సిరవార, మాన్వి అంటూ కండక్టర్ల అరుపులు. ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"రేపటి కాగితం?" అంది మెల్లగా.

"రేపు నేనే తెస్త. బుక్కంత."

ముదగల్ బస్సు హారన్ కొట్టి కదిలిపోయింది. ఫోన్ మాత్రం ఇద్దరిలో ఎవరూ పెట్టెయ్యలేదు.