కోసేసిన నలభై నిమిషాలు

వెరోనికాకి తండ్రి జార్జి మీదున్న ఫిర్యాదులన్నీ రాస్తే, భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టర్ 7 క్వార్టర్లో బీరువాలు చాలవు. అందులో మొదటిది: ఆయన ముప్పై ఏళ్లుగా భార్యకి ఒక్కసారైనా సారీ చెప్పలేదు. రెండోది: అందుకు ఒక సినిమాని సాక్ష్యంగా తెస్తాడు.

పెళ్లయిన కొత్తలో భార్య డోర్కాస్‌ని పవర్ హౌస్ బజార్లో సినిమాకి తీసుకెళ్లి, ఇంటర్వెల్‌లో ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేలోగా రెండు సమోసాలూ తానే తినేశాడు. ఆవిడ అలిగింది. తెరమీద హీరో కూడా హీరోయిన్‌ని బోలెడంత ఏడిపించి, సారీ ఊసెత్తకుండానే పెళ్లి చేసేసుకున్నాడు.

"సూశావా? సారీ లేకపోయినా కథ సుఖాంతమే" అని జార్జి ఆ రోజే తీర్పు ఇచ్చేశాడు.

ఇప్పుడు వెరోనికా ప్రేమించిన ఆల్విన్‌కి పరీక్షగా కూడా ఆ సినిమానే పెట్టాడు. భిలాయి-3లో రైల్వే ఉద్యోగం చేసే ఆల్విన్, ఆదివారం చర్చి అయ్యాక వచ్చి పక్కన కూర్చుని ఆ సినిమా చూడాలి. పెళ్లికి అవునో కాదో ఆ తర్వాతే.

ఆదివారం ఆల్విన్ వచ్చి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాడు. టీవీలో నిడివి చూసి జార్జి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏటిది, మూడు గంటలా?"

"ఎక్స్‌టెండెడ్ వెర్షన్, అంకుల్. థియేటర్ కోసం కోసేసిన నలభై నిమిషాలూ ఉన్నాయి."

"మా మిల్లులో రైలు పట్టాల చివర్లు కోసేస్తాం. కోసింది స్క్రాపు. మళ్లీ తెచ్చి అతికిస్తామేటి?"

"స్క్రాపో కాదో చూస్తేనే కదా అంకుల్ తెలిసేది!"

వెరోనికా అతన్ని వంటింట్లోకి లాక్కుపోయింది.

"అరె యార్, నీకు పెళ్లి కావాలా, నలభై నిమిషాలు కావాలా?"

"రెండూ."

"నాన్న నో అంటే?"

"సారీ వినపడని ఇల్లు ఎలా ఉంటుందో మీ అమ్మగారి మొహం చూస్తే తెలుస్తోంది. మనకలా వద్దు. నేను రోజుకి రెండు సారీలు ముందే చెప్పేస్తా."

"దేనికి?"

"స్టాకుంటుంది కదా!"

నవ్వాపుకోలేక వెరోనికా అతన్ని మళ్లీ హాల్లోకి తోసింది.

సినిమా నడిచింది. "ఇప్పుడు పెళ్లి" అన్నాడు జార్జి, అలవాటుగా. పెళ్లి రాలేదు. వాన వచ్చింది. హీరో గొడుగైనా లేకుండా హీరోయిన్ గేటు ముందు నిలబడి సారీ అన్నాడు. కిటికీ తెరుచుకోలేదు. మళ్లీ అన్నాడు. డోర్కాస్ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. పదకొండోదానికి కిటికీ తెరుచుకుంది.

"ఇది... తరవాతెప్పుడో కలిపారేమో" అన్నాడు జార్జి, గొంతు తగ్గించి.

"కాదంకుల్. అప్పుడే తీశారు. నిడివి ఎక్కువైందని కోసేశారు."

డోర్కాస్ లేచి వెళ్లి, ప్లేటులో రెండు సమోసాలు తెచ్చి భర్త ముందు స్టూలు మీద పెట్టింది. పక్కనే కూర్చుంది.

సినిమా ఆపుదామని ఆల్విన్ రిమోట్ కోసం చెయ్యి చాపాడు. ఇప్పుడు కదలొద్దన్నట్టు వెరోనికా ఆ చెయ్యి పట్టుకుంది. వదలడం మరిచిపోయింది. జార్జి ఆ చేతుల్ని చూశాడు.

"వదలక్కర్లేదులే అమ్మా. పట్టుకునే ఉండు."

తర్వాత ప్లేటు మొత్తం భార్య వైపు జరిపాడు. ముప్పై ఏళ్ల సరుకు కదా, గొంతులోంచి రావడానికి కాస్త టైమ్ పట్టింది.

"డోర్కాస్... ఆ రోజు రెండో సమోసా నీదే. తినీడం నా తప్పే. సారీ."