ఆత్రం మీటర్లో నలభై ఒకటి

గాజు పలక మీద అరచెయ్యి బోర్లించి తొంభై సెకన్లు కదలకుండా కూర్చోవాలి. పరీక్ష అంతే. లిఖిత కూర్చుంది. ఎదురుగా తెర మీద ఒకే ఒక్క ప్రశ్న వెలిగింది: "ఈ ఉద్యోగం రాకపోతే మీరేం చేస్తారు?" జవాబు నోటితో చెప్పక్కర్లేదు. అరచెయ్యి చెబుతుంది, పలక వింటుంది.

తొంభై సెకన్లు అయ్యాయి. తెర మీద అంకె పడింది. నలభై ఒకటి.

"సారీ అండీ, కటాఫ్ డెబ్బై ఐదు," అంది బల్ల అవతల అమ్మాయి. పాపం, మొహమాటపడింది కూడా. "మీ క్రేన్ టెస్ట్ మాత్రం చాలా బాగా చేశారు. నూటికి తొంభై ఎనిమిది."

"నాలాగా ఎంతమంది చేశారండీ?"

"పదకొండు వందల మంది."

ఇదీ పాతికేళ్ల తర్వాతి విశాఖపట్నంలో ఒక మామూలు ఉదయం. సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. ఎండా, ఉక్కా అలాగే ఉన్నాయి. మారిందల్లా ఉద్యోగాలిచ్చే పద్ధతి. అదెందుకు మారిందో చెప్పకపోతే ఈ కథ మీకు అబద్ధంలా అనిపిస్తుంది.

అప్పటికి ఎవరి రెజ్యూమే వాళ్లు రాసుకోవడం పోయింది. సాఫ్ట్‌వేర్ రాసిపెట్టేది. ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో చెవిలో కందిగింజంత మిషన్ చెప్పేది. దాంతో అభ్యర్థులందరూ సమాన ప్రతిభావంతులైపోయారు. అందరూ ఒకేలా నవ్వేవారు. "మీ బలహీనత ఏమిటి?" అని అడిగితే, పనిలో పడితే తనకి టైమ్ తెలియదని ప్రతివాడూ సిగ్గుపడుతూ చెప్పేవాడు. ఒక్క పోస్టుకి వెయ్యిమంది ఫస్టు మార్కు వాళ్లు వస్తే కంపెనీ ఎవర్ని తీసుకోవాలి? చీట్లు వేసిన కంపెనీలు కూడా ఉన్నాయి.

అప్పుడొచ్చింది ఈ పలక. ఇది తెలివిని కొలవదు, అవసరాన్ని కొలుస్తుంది. చెమటలో ఉప్పెంత, వేలి కొసల్లో రక్తం ఎంత తొందరగా పరుగెడుతోంది, చర్మం ఎంత చల్లబడింది, ఇవన్నీ కలిపి, మనిషి ఒంట్లో ఉన్న భయాన్ని ఒక అంకెగా చెబుతుంది. సున్నా అంటే బీచ్‌లో కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటున్న మనిషి. వంద అంటే అదే బీచ్‌లో మునిగిపోతున్న మనిషి. కందిగింజ మిషన్ దీన్ని మోసం చెయ్యలేదు. మాత్రలు మింగితే గుండె కొట్టుకుంటుంది గానీ చెమట మారదు. గతిలేనివాడు మానేసి పోడు, ఎదురు మాట్లాడడు అని కంపెనీల లెక్క. వాళ్లు దీనికి నీడ్ ఇండెక్స్ అని గౌరవంగా పేరు పెట్టారు. జనం ఆత్రం మీటర్ అన్నారు.

ఊరు ఎంత త్వరగా నేర్చుకుందో చూడండి. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి ధైర్యం చెప్పడం అమర్యాద అయిపోయింది. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఇంకా ఖాళీయేనా అమ్మా?" అని ఓ మాట అని పంపితే ఆవిడ మంచి మనిషి. ద్వారకానగర్‌లో దిగులు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. అన్నిట్లోకీ పేరున్నది కుప్పిలి మాస్టారిది. పొద్దున్నే అందరి పేర్లూ పిలిచి, ఎవరి తిరస్కరణ ఉత్తరం వాళ్లకి గట్టిగా చదివి వినిపించేవారాయన. తర్వాత, జీతానికి పెట్టుకున్న ఒక పిన్నిగారూ బాబాయిగారూ వచ్చి, మా వాడికి వచ్చేసింది, నీకేమైంది అని నలభై నిమిషాలు పరామర్శించేవారు. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ బెంచీల మీద కూర్చున్న వాళ్లెవరూ నవ్వలేదు.

లిఖిత కూడా ఆ బెంచీ మీదే కూర్చుంది. స్కూలు బస్సు కిటికీలోంచి పోర్టు క్రేన్లు చూసిన రోజు నుంచీ ఆమెకి వేరే కోరిక లేదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, తెర మీద చూస్తూ, ఓడలోంచి నలభై టన్నుల పెట్టెని, గుడ్డుని కింద పెట్టినంత నెమ్మదిగా దించాలి. అది ఆమెకి వచ్చు. కానీ ఇరవై ఎనిమిది నిండితే ఆ పనికి దరఖాస్తే తీసుకోరు. నిండటానికి ఇంక రెండు నెలలుంది. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. మిగిలింది ఒక్కటి, తూర్పుతీరం టెర్మినల్స్‌లో.

ఆమెకి ఉన్నది అక్క ఒక్కతే. పేరు నూకరత్నం, గాజువాకలో జాకెట్లు కుడుతుంది. లిఖితకి పదకొండేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి రత్నానికి పాతికేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "తీరికెక్కడ?" అనేది. చెల్లి ఏడ్చినప్పుడల్లా, పరీక్ష పోయినప్పుడల్లా, ఆవిడ దగ్గర ఒకే మందు. "ఏటీ అవదే. నేనున్నాను కదేటి."

కుప్పిలి మాస్టారి క్లాసులో లిఖిత చెయ్యి అరవై ఎనిమిది దాకా వెళ్లేది. రాత్రి ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకుని లేచి మర్నాడు వెళ్తే నలభై మూడు.

"మీ ఇంట్లో ఎవరో నా పని పాడుచేస్తున్నారమ్మా," అన్నారు మాస్టారు విసుక్కుని.

లిఖిత ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. రత్నం నవ్వలేదు.

ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లలో డాక్టర్ భానోజీరావు గారి భార్య ఒకరు. ఆ పలకని కనిపెట్టింది భానోజీరావు గారే. మర్నాడు జాకెట్లు ఇవ్వడానికి వెళ్లిన రత్నం, హాల్లో పేపరు చదువుకుంటున్న ఆయన ముందు నిలబడింది.

"సార్, ఒక మాట అడగొచ్చా? మా చెల్లి అంకె ఎందుకు పెరగట్లేదు?"

ఆయనకి ఈ ప్రశ్న కొత్త కాదు. చాలామంది అడిగారు, చాలామందిని పంపించేశారు. ఈవిడ చేతిలో జాకెట్ల సంచీ అలాగే ఉండటం చూసి కాబోలు, కూర్చోమన్నారు.

"నేను దాన్ని ఉద్యోగాల కోసం చెయ్యలేదమ్మా. పిల్లల ఆసుపత్రిలో, మాటలు రాని పసివాళ్ల కోసం చేశాను. వార్డులో ముప్ఫైమంది పిల్లలు, ఒక్క నర్సు. గట్టిగా ఏడ్చేవాడికే ఎక్కువ బాధ ఉందనుకుంటే పొరపాటు. ఎవరికి ఎక్కువ అవసరమో పలక చెప్పేది. తల్లి వచ్చి ఎత్తుకోగానే అంకె సగానికి పడిపోయేది. అది పడిపోతే మేమందరం సంతోషించేవాళ్లం. తర్వాత మా మేనేజ్‌మెంట్ పేటెంట్ అమ్మేసుకుంది."

రత్నం జాకెట్ల సంచీ కింద పెట్టింది.

"అంటే, ఎత్తుకునేవాళ్లుంటే అంకె పెరగదన్నమాట."

"పెరగదు. మీ చెల్లిని ఎవరు చూసుకుంటారు?"

"నేనే సార్." తర్వాత చాలా చిన్న గొంతుతో అడిగింది. "ఎత్తుకున్న మనిషే కింద పడీసిందనుకోండి?"

ఆయన కళ్లజోడు తీశారు. "పెరుగుతుంది. చాలా పెరుగుతుంది."

"తరవాత మళ్లీ ఎత్తుకుంటే తగ్గిపోద్దా?"

"తెలీదమ్మా. అలాంటి ప్రయోగం పసిపిల్లల మీద ఎవరు చేస్తారు?"

ఇంటర్వ్యూ శుక్రవారం పదకొండింటికి. తొమ్మిదింటికి లిఖిత చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. అరచేతులు పొడిగా ఉన్నాయి, అదే ఆమె భయం. రత్నం కుట్టుమిషన్ దగ్గర కూర్చుని, తలెత్తకుండా అడిగింది.

"రాకపోతే ఏటి చేస్తావే?"

"ఏముంది, నువ్వున్నావుగా."

"నేను లేను."

లిఖిత నవ్వింది. "ఏంటక్కా, కుప్పిలి మాస్టారు నేర్పారా?"

"నాకెవులూ నేర్పలేదు. పదహారేళ్లుగా మోస్తన్నాను నిన్ను. అమ్మ పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఏటందో తెలుసా? 'చిన్నది ఎందుకూ పనికిరాదు రత్నం, దాని వల్ల ఏదీ అవదు, నువ్వే మొయ్యాల' అంది. మోశాను. అనకాపల్లి సంబంధం వస్తే, చెల్లిని కూడా తెచ్చుకుంటానన్నాను. వద్దన్నారు. మానీసుకున్నాను. ఇంక నా వల్ల కాదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, నెలాఖరుకి నీ దారి నువ్వు చూసుకో."

మాట్లాడినంతసేపూ మిషన్ ఆపలేదు. ఆ జాకెట్ చెయ్యి తర్వాత మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

లిఖిత ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. అక్క మొహంలోకి చూసింది. ఎక్కడో ఓ మూల నవ్వు దొరుకుతుందేమోనని చాలాసేపు చూసింది. ఆ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగాక రత్నం మిషన్ మీద తల పెట్టి ఏడ్చింది. పరిగెత్తుకెళ్లి పిలుద్దామని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ కూర్చుంది.

అంకె ఎనభై తొమ్మిది. ఆ రోజు వచ్చిన వాళ్లలో అదే అందరికంటే ఎక్కువ. టెర్మినల్ మేనేజర్ లేచి నిలబడి మరీ కరచాలనం చేశాడు. అందరూ ఒకేలా ఉన్న వెయ్యిమందిలో ఈ అమ్మాయి ఒక్కతే వేరుగా కనిపించిందట.

సాయంత్రం ఆమె వచ్చేసరికి రత్నం గుమ్మంలోనే ఉంది. వార్త విని చెల్లిని గట్టిగా వాటేసుకుంది.

"అంతా అబద్ధమే. నీ అంకె కోసమే అన్నాను. అమ్మ అలాంటి మాట అననే లేదు. నా మీద ఒట్టు."

"అనలేదా?"

"అనలేదు. చిన్నది బంగారం, జాగ్రత్తగా చూసుకోమంది."

"అనకాపల్లి సంబంధం కూడా అబద్ధమేనా?"

రత్నం వెంటనే అవునని చెప్పి ఉండాల్సింది. పదహారేళ్లలో చెల్లికి ఎప్పుడూ అబద్ధం చెప్పని మనిషి, ఒక్కరోజులో రెండోది చెప్పడానికి తడబడింది. "అదీ... అదీ అబద్ధమే," అంది.

"సరే అక్కా," అంది లిఖిత.

అంతకుమించి గొడవేమీ జరగలేదు. జరిగినా బాగుండేది. లిఖిత మర్నాటి నుంచి తన కంచం తనే కడుక్కుంది. "నాకోసం ప్రత్యేకంగా వండకక్కా," అంది. ఓ మధ్యాహ్నం ఉక్కపోతలో గుమ్మం దగ్గర నిలబడి, "ఫ్యాన్ వేసుకోవచ్చా?" అని అడిగింది. తను పుట్టి పెరిగిన ఇంట్లో అడిగింది. రత్నం లేచి ఫ్యాన్ వేసింది. "నేనున్నాను కదేటి," అంది అలవాటుగా. లిఖిత తలూపింది, బంధువుల ఇంట్లో కాఫీ వద్దనడానికి ఊపినట్టు.

ఆరు నెలలకి కంపెనీ వార్షికోత్సవం చేసింది. ఉద్యోగుల అంకెలు ఆరేసి నెలలకి మళ్లీ చూస్తారు. ఉద్యోగం వచ్చాక ఎవరికైనా ఆత్రం తగ్గుతుంది కదా, అందరివీ ముప్ఫై కిందికి దిగిపోయాయి. మేనేజర్ మైకు పట్టుకుని ఆ సంగతి బాధగా చెప్పి, వెంటనే ఉత్సాహంగా గొంతు పెంచాడు.

"ఒక్కరిది మాత్రం తగ్గలేదు! ఎనభై తొమ్మిదితో చేరి, ఇవాళ తొంభై రెండు! ఒక్కరోజు సెలవు పెట్టలేదు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు!"

చప్పట్లు మోగాయి. లిఖిత వేదికెక్కి షీల్డు అందుకుంది. ఇచ్చింది ముఖ్య అతిథి, డాక్టర్ భానోజీరావు. అంకె విన్నప్పుడు ఆయన ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. కిందికి దిగాక మూడో వరసలో రత్నాన్ని గుర్తుపట్టి, దగ్గరికొచ్చారు.

"మళ్లీ ఎత్తుకున్నారా అమ్మా?" అని మెల్లిగా అడిగారు.

"రోజూ ఎత్తుకుంటన్నాను సార్," అంది రత్నం.

అక్కాచెల్లెళ్లు బయటికొచ్చారు. గేటు ముందు కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, బస్‌స్టాప్ రోడ్డుకి అవతలుంది. చిన్నప్పటిలాగే రత్నం చెల్లి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

లిఖిత మెల్లిగా విడిపించుకుంది.

"పర్లేదక్కా, నేను దాటగలను," అని, రెండు వైపులా చూసుకుని ఒక్కతే దాటేసింది.