విప్పుకెళ్ళే హక్కు

ఆ రోజు పొద్దున్న ఆమె షాపు తెరిచి కుట్టు మిషన్ ముందు కూర్చోలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుంది. ట్రయల్ రూమ్ అద్దం విప్పి గోడకి ఆనించింది. తర్వాత ట్యూబులైట్లు, ఫ్యాను, స్విచ్చి బోర్డులు. తొమ్మిదేళ్ళుగా బట్టలు కుట్టిన గది గంటలో బోసిపోయింది.

ఆ భవనం ఆమె సొంత అన్నది. అన్నావదినలు పైఅంతస్తులో ఉంటారు. ఈ నెలాఖరుకి షాపు లీజు ముగుస్తుంది. ఇంకా కావాలంటే మూడు నెలల ముందే రాసివ్వాలని అగ్రిమెంటులో ఉంది. ఆమె రాసివ్వలేదు. ఆ గడువుకి ముందే ఒకరోజు పైన అన్నం తింటూ, షాపు ఇంకో మూడేళ్ళు తనకే కావాలని చెప్పింది. అన్న తలూపాడు. సొంత అన్నకి ఉత్తరమేమిటని ఊరుకుంది. ఇప్పుడు అన్న అల్లుడు అక్కడ మందుల షాపు పెడతాననేసరికి, నువ్వు నాకెప్పుడు చెప్పావని అన్న మాట తిప్పేశాడు.

పది రోజులుగా ఆమెకి అన్నం సయించలేదు. ముందురోజు సాయంత్రం ఆమె కూతురు అగ్రిమెంటు తీసి మళ్ళీ చదివింది. అద్దెకున్నవాళ్ళు తమ ఖర్చుతో బిగించినవన్నీ, గోడలు పాడవకుండా, గడువులోగా విప్పుకెళ్ళవచ్చని అందులో ఉంది.

"ఇంకోసారి చదువు," అంది తల్లి. మూడుసార్లు చదివించుకుంది. ఆమె మొహంలోకి కళ వచ్చింది. "మీ మామయ్యకి నాలుగు గోడలు మిగులుస్తాను. అల్లుణ్ణి చీకట్లో కూర్చోబెట్టి మందులు అమ్మించుకోమను."

కూతురికీ సరదా వేసింది. రంగు కూడా మనమే వేయించాం, గీకేద్దామా అని అడిగింది. ఇద్దరూ నవ్వుకుంటూ జాబితా రాశారు. అందులో చివరిది మెట్ల రెయిలింగు. పై ఇంటికి మెట్లు షాపులోంచే ఉన్నాయి. వదినకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆమే ఆ ఇనప రెయిలింగు పెట్టించింది.

పొద్దున్న గది ఖాళీ అయ్యాక వెల్డర్ వచ్చి ఇనుము కోసే మిషన్ ఆన్ చేయగానే, బయట ఉన్న అన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటే ఇది? కొంప పీకేస్తావా?"

"కొంప నీది, బిగించినవి నావి. నువ్వు సంతకం పెట్టిన కాగితమే అన్నయ్యా, చదువుకో."

"రెయిలింగు మీ వదిన కోసం పెట్టావు కదే."

"నీ దగ్గర నోటిమాట చెల్లదుగా. ఇది ఇచ్చేస్తున్నానని నేనెక్కడ రాసిచ్చాను?"

అన్న కాగితం లాక్కుని చదివాడు, మొహం మాడిపోయింది. ఆ మొహం చూడాలనే ఆమె ఇన్నాళ్ళూ కాచుకుంది. వెల్డర్ వైపు తిరిగి, కొయ్యమంది. అడుగున ఉన్న ఊచ తెగింది. రెయిలింగు ఊగింది. వెల్డర్ చప్పున మిషన్ ఆపేశాడు.

"అక్కా, పైన ఎవరో పట్టుకునున్నారు."

సగం మెట్ల మీద వదిన, రెండు చేతులా రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది.

"కొయ్యి బాబూ, తనదే కదా," అంది వదిన. "ముందు నన్ను దిగనీ."

ఒక్కో మెట్టూ కూర్చుంటూ దిగింది. దిగాక భర్త వైపు చూసింది.

"తను అడిగినప్పుడు వడ్డించింది నేనే. మీరు తలూపారు. అల్లుడి ముందైనా, జడ్జి ముందైనా నేను అదే చెప్తాను. మన కూతురి కాపురం ఏమవుతుందోనని పది రోజులు నోరు మూసుకున్నాను. తప్పు చేశాను."

అన్న అక్కడే ఉన్న మేనకోడలితో, మూడేళ్ళకి కొత్త అగ్రిమెంటు రాయమ్మా, సంతకం పెడతానన్నాడు.

ఆమె గెలిచింది. కానీ ఆమె కళ్ళు వదిన మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"వదినా, నువ్వు అక్కడున్నావని చూడలేదు."

"చూస్తే ఆపేదానివా?"

అవునని చెప్పబోయి చెప్పలేక, వదిన చేతులు పట్టుకుని భోరుమంది.

వదిన ఆమెని ఏడవనిచ్చింది. తర్వాత ఆమె భుజం మీద బరువంతా మోపి, "ఇక పైకి ఎక్కించు," అంది.